ముద్ర పడేంత చోటు

మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ మెరుస్తుండేవి. రేషను కార్డు, నాన్న ఉద్యోగంలో చేరినప్పటి ఆర్డరు, చిన్నప్పుడు నాకు టీకా వేసిన చీటీ, అన్నీ నున్నగా ఉండేవి. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెనక ఉన్న వేళ్ళు లీలగా కనిపించేవి. ముఖ్యమైన కాగితం అంటేనే అలా ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. బడిలో ఇచ్చిన ప్రోగ్రెసు కార్డు మామూలుగా, గరుకుగా ఉంటే, నా చదువు ఇంకా ముఖ్యమైనది కాలేదు కాబోలు అనుకున్న గుర్తు.

నాన్న ఫిషింగ్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మాది తగరపువలస అవతల చిన్న పల్లె. తాతలందరూ చోళ్ళు, అంటే రాగులు, నువ్వులు పండించుకున్నవాళ్ళు. వాళ్ళ పిల్లల్లో నాన్న ఒక్కడే పట్నం వచ్చి మంచుగడ్డల మధ్య స్థిరపడ్డాడు. ఆ ఫ్యాక్టరీలో కాగితం బతకదు. గోడలు ఎప్పుడూ చెమర్చి ఉంటాయి, నేల మీద నీళ్ళు పారుతుంటాయి, పైగా ఉప్పుగాలి. జేబులో పెట్టుకున్న చీటీ సాయంత్రానికి ముద్దవుతుంది. అందుకని బోట్లు నడిపేవాళ్ళు తమ లైసెన్సులకు కొవ్వొత్తి కరిగించి, మెత్తటి గుడ్డతో పల్చగా పూసి, రేకు గొట్టంలో పెట్టుకుంటారు. నాన్న ఆ పని వాళ్ళ దగ్గరే నేర్చుకుని వాళ్ళను మించిపోయాడు. కొన్నాళ్ళకు వాళ్ళే తమ కాగితాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. ఎక్కడా గడ్డ కట్టకుండా, ఎక్కడా ఖాళీ మిగలకుండా, చేత్తో తడిమితే తప్ప తెలియనంత సమంగా పూసేవాడు.

నేను బి.ఏ. చివరి పరీక్షలు రాసింది ఎనభై రెండు ఏప్రిల్ నెలలో. తర్వాత ఏం చెయ్యాలో అప్పటికే ఖాయమై ఉంది. హార్బరు దగ్గరి రొయ్యల కంపెనీ ఆఫీసులో హాజరు పట్టీ రాసే మనిషి కావాలన్నారు. ఆగస్టు మొదటి తారీకున చేరాలి. నాన్న మాట ఇచ్చేశాడు. నేను తల ఊపాను. నేను అన్నిటికీ తల ఊపేదాన్నే. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ రోజు డైరీ చివరి పేజీలో, నాకే కనిపించనంత చిన్న అక్షరాలతో, "యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర చదవాలని ఉంది" అని రాసుకుని మూసేశాను.

మా వీధిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన పోర్టు ఉద్యోగి కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళమ్మాయి అప్పటికే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. తన దగ్గర నేను తీసుకున్న పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు హఠాత్తుగా అడిగింది.

"నీకు పై చదువు చదవాలని ఉందా, లేదా?"

"రాసుకున్నానక్కా."

"ఎక్కడ?"

"డైరీలో."

అక్క నవ్వలేదు. "డైరీ చూసి సీటివ్వరు కదమ్మా. ఫారంలో రాయాలి. పద, రేపు కొనుక్కొద్దాం."

మర్నాడు సిటీ బస్సు వాల్తేరు మెట్ట ఎక్కింది. దిగాక అక్క వెనకే నడిచాను. రాతి కట్టడాలు, వాటి వరండాలు, మనిషి నడిస్తే అడుగుల చప్పుడు తిరిగి వినిపించేంత పొడవాటి దారులు. ఒకచోట మలుపు తిరగ్గానే చెట్ల సందులోంచి సముద్రం కనిపించింది. నేను సముద్రం వాసనలో పుట్టినదాన్ని. కానీ నాకు తెలిసిన సముద్రం బోట్ల మధ్య, తాళ్ళ మధ్య, నూనె తెట్టు కట్టి కదిలే నీళ్ళు. అంత ఎత్తునుంచి చూస్తే అది ఎవరి పనికీ సంబంధం లేనట్టు, అంచు లేకుండా పరుచుకుని ఉంది. దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ. ఈవైపున హార్బరు అరచేతిలో పట్టేంత. అందులో తెల్లటి చుక్క ఒకటి మా ఐసు ఫ్యాక్టరీ పైకప్పు అని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

తర్వాత అక్క లైబ్రరీ గుమ్మం దాకా తీసుకెళ్ళింది. లోపలికి వెళ్ళే హక్కు నాకింకా లేదు. అక్కడ కుర్చీలో కూర్చున్న కాపలా పెద్దాయనకు కనబడకుండా అక్క వెనక నిలబడి, గుమ్మంలోంచే చూశాను. ఎత్తయిన కప్పు, వరసలు వరసలుగా బీరువాలు, తలలు వంచుకున్న మనుషులు. అంతమంది ఒకచోట ఉండి ఎవరూ మాట్లాడకపోవడం నేను అంతవరకు చూడలేదు. పుట్టినప్పటినుంచీ నేనెందుకు మాట్లాడనని అందరూ అడుగుతూ వచ్చారు. ఇక్కడ మాట్లాడకపోవడమే మర్యాద. నాలాంటి వాళ్ళకోసం ఇంత పెద్ద ఇల్లు కట్టారా అనిపించింది.

ఇంటికొచ్చి ఫారం నాన్న ముందు పెట్టాను. చెప్పలేదు, పెట్టాను. అదే నాకు వీలైనంత ధైర్యం.

"ఏటిది?"

"యూనివర్సిటీ ఫారం."

ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎంతమంది రాత్తారు?"

"చాలామంది."

"ఎంతమందికిత్తారు?"

"కొద్దిమందికే."

"అయితే బేగి రాసి ఇచ్చీ. ఐసు కూడా ముందొచ్చినోడికే."

"ముందొస్తే ఇవ్వరు నాన్నా. పరీక్ష పెడతారు."

నాన్న ఫారాన్ని మళ్ళీ తిప్పి చూశాడు. రొయ్యల కంపెనీకి ఇచ్చిన మాట ఆయన కళ్ళలో తిరగడం నాకు తెలుస్తూనే ఉంది. చివరికి అన్నాడు. "ఆగస్టు ఒకటో తారీకు దాకా టైము నీదే. ఆ లోపు సీటొస్తే సదువుకో. రాలేదనుకో, ఆల్లకి మాటిచ్చీసేను, ఇంక మరి తిరగలేను." అమ్మ వంటింట్లోంచి, "దానికి మాట్లాడ్డం రాదు, పరీచ్చెలా రాత్తాది?" అంది. "పరీచ్చ నోటితో రాత్తారేటే?" అన్నాడు నాన్న.

ఫారం నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ముందు డైరీలో గళ్ళు గీసుకుని ప్రతి జవాబూ అచ్చుతప్పు లేకుండా రాసుకున్నాను. కొట్టివేతలుంటే తీసుకోరని అక్క భయపెట్టింది. నింపడం ఒక ఎత్తు, జతచేసే నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఇంకో ఎత్తు. అంత పెద్ద ఆఫీసర్లు మాకెవరు తెలుసు? పశువుల ఆసుపత్రి డాక్టరు గారు కూడా గెజిటెడ్ ఆఫీసరేనని అక్క చెప్పింది. టైపు చేయించిన నకళ్ళు పట్టుకుని రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి, మేకల మధ్య నిలబడి, ఏమీ అడగకుండా తిరిగొచ్చాను. మూడోరోజు ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"రోజూ వత్తన్నావు. నీ మేకేదమ్మా?"

"మేక లేదు. కాగితాలు."

"అయితే నా ముందెల్లు. కాయితాలు కరవవు కదా."

డాక్టరు గారు చెయ్యి కడుక్కుని, ఆకుపచ్చ సిరాతో అన్నిటి మీదా సంతకాలు చేశారు. తలెత్తి, "ఏం చదువుతావు?" అన్నారు. "చరిత్ర" అన్నాను. ఆ మాట పరాయివాళ్ళ ముందు పైకి అనడం అదే మొదటిసారి.

ఇక చదవడం. మే నెలలో మా ఇంటి రేకుల కింద పుస్తకం తెరిస్తే చెమట బొట్లు దాని మీదే పడేవి. నాన్నే ఉపాయం చెప్పాడు. "ఊరంతటికీ సల్లటి సోటు మన కాడే ఉంది కదేటి?" అలా ఆ వేసవంతా నేను ఐసు ఫ్యాక్టరీలో చదివాను. చీటీలిచ్చే గది తలుపు వెనక ఒక చెక్కపెట్టె మీద, కాళ్ళకింద గోనె వేసుకుని, అమ్మ శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. గోడ అవతల గడ్డలు నలిగే మర చప్పుడు. అక్క తెచ్చిచ్చిన పాత ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటీ నాలుగేసి సార్లు రాశాను. బయట బోటువాళ్ళు ఐసు కోసం నిలబడి నన్ను చూసి ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏటే గుంటా, ఐసులో ఎడితే సదువు పాడవదేటి?"

"సేపే నాలుగు రోజులుంటాది. సదువు నాలుగేళ్ళుంటాదిలే బావా," అనేవాడు ఇంకొకడు.

"నవ్వండి, నవ్వండి," అనేవాడు నాన్న చీటీ చింపుతూ. "రేపు మీ బోటు కాయితాలు సదివి పెట్టమని దీని కాడికే రావాల."

ఆ పెట్టె మీద కూర్చునే ఒక మధ్యాహ్నం మా జిల్లా గురించి ఒక పేరా చదివాను. మా పల్లెకు ఎదురుగా ఉన్న కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారట. వాళ్ళు వర్షపునీటి కోసం రాతిలో తొట్లు తొలిచారట. ఆ తొట్లు నాకు తెలుసు. మా తాత మేకలు వాటిలోనే నీళ్ళు తాగేవి. నేను వాటి అంచున కూర్చుని జామకాయలు తిన్నాను. ఇంత పెద్ద పుస్తకంలో, ఎక్కడెక్కడి రాజులకో పక్కన, మా మేకల తొట్టి ఉంది. ఒళ్ళు జలదరించింది. చలికి కాదు. ఆ పేరా మీద వేలు పెట్టి మర చప్పుడు ఆగేదాకా అలాగే ఉండిపోయాను. సీటు కావాలన్న కోరిక అంతకుముందు ఇష్టం, ఆ రోజు నుంచి ఆకలి.

పరీక్ష జూన్‌లో అయింది. జూలైలో నోటీసు బోర్డు మీద అంకెలు అంటించారు. నాది చివరినుంచి మూడోది. తర్వాత కార్డు వచ్చింది. జూలై ఆఖరివారంలో ఫలానా రోజున అసలు సర్టిఫికెట్లతో డిపార్టుమెంటు ఆఫీసుకు రావాలి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి జాబితా పై ఆఫీసుకు వెళ్ళిపోతుంది. అప్పటికి చేరనివాళ్ళ చోటు తర్వాతి అంకెకు ఇచ్చేస్తారు.

రెండు రోజుల ముందు పొద్దున, నాన్న నా సర్టిఫికెట్లన్నీ చాప మీద పరిచాడు. టీసీ, ప్రొవిజనల్, మార్కుల లిస్టు. చిన్న గిన్నెలో కొవ్వొత్తి కరుగుతోంది. ఏం జరగబోతోందో నాకు అర్థమైంది. ప్రాస్పెక్టస్‌లో ఒక వాక్యం గుర్తొచ్చింది, అసలు పత్రాలను ఏ విధంగానూ మార్చరాదని. ఇది మార్చడం కిందికి వస్తుందా, రాదా? అడగాలనుకున్నాను. నాన్న అప్పటికే గుడ్డ ముంచాడు. ఆయన ముఖం చూశాను. మా ఇంటి కాగితాల్లో అంతకంటే ముఖ్యమైనది ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. ఊపిరి బిగబట్టి మార్కుల లిస్టు అంచునుంచి అంచుకు ఒకే విసురున గుడ్డ లాగాడు. వెనక్కి తిప్పి మళ్ళీ లాగాడు. అది కాసేపు మసకగా ఉండి, ఆరాక మెరిసింది.

"ఇంక వందేళ్ళుంటాది," అన్నాడు.

ఆ పూట డైరీలో రాశాను: "అడిగి ఉండాల్సింది. ఆయన అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు."

చేరాల్సిన రోజు పొద్దుటినుంచే వాన. బస్సు దిగి ఆఫీసు వరండా చేరేసరికి అందరి సంచులూ తడిశాయి. పిల్లలూ తండ్రులూ కాగితాలు గాలికి ఆరబెట్టుకుంటున్నారు. ఒకబ్బాయి టీసీ మీద నీలం సిరా కారి, పుట్టినతేదీ చెదిరిపోయింది. నాన్న రేకు గొట్టం మూత తీసి మా కాగితాలు బయటికి లాగాడు. ఒక్క చుక్క లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. నాన్న నిటారుగా నిలబడ్డాడు. నాకూ గర్వంగా అనిపించింది.

తండ్రులను లోపలికి రానివ్వలేదు. నా అంకె పిలిచేసరికి పన్నెండు దాటింది. గుమస్తా గారు కాగితాలు సరిచూసి, మార్కుల లిస్టు వెనక్కి తిప్పి, ఊదారంగు ముద్ర అద్ది దాని మీద నొక్కారు. ఎత్తి చూసి, మళ్ళీ నొక్కారు. సిరా పూసలు పూసలుగా విడిపోయి పక్కకు జారింది. వేలితో తుడిస్తే మొత్తం పోయింది. అసలేమీ పడనట్టు ఉంది.

"ఇదేమిటి?"

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

"తల ఊపితే ఎలా? ఏం పూశారు దీనికి? ఏమైనా దిద్దారా, కప్పిపెట్టడానికి?" ఆయన లిస్టును వెలుగుకు ఎత్తారు. వరసలో వెనక ఎవరో నవ్వారు. "ముద్ర, దాని మీద హెడ్డు మేడమ్ గారి సంతకం, రెండూ అసలు పత్రం మీద పడితేనే చేర్చుకున్నట్టు. ఇది పక్కన పెడుతున్నాను. తర్వాత ఎవరు?"

తర్వాతి అబ్బాయి నన్ను దాటి ముందుకొచ్చాడు. నేను పక్కకు తప్పుకున్నాను. అలవాటు కొద్దీ తప్పుకున్నాను. రెండడుగులు వేశాక రొయ్యల కంపెనీ హాజరు పట్టీ కళ్ళ ముందు కనిపించింది. తర్వాత రాతిలో తొలిచిన తొట్టి. వెనక్కి తిరిగాను.

"మైనం సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దిద్దలేదు. తడవకుండా పూశాం. మా నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. బోటు కాగితాలకు ఇలాగే పూస్తారు. కాలేజీ ఇచ్చిన నకలు కూడా ఉంది, మార్కులు పోల్చి చూడండి. ఏమీ మారలేదు."

ఒక్క ఊపిరిలో అంత మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. గుమస్తా గారు నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. "తడవదు, బాగానే ఉంది. సిరా కూడా తడే కదమ్మా. అదీ అంటదు." ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. లేచి లిస్టు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు.

అక్కడ డిపార్టుమెంటు హెడ్డు, నెరిసిన జుట్టు పెద్దావిడ. లిస్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు పైకి నెట్టి, చాలాసేపు చూశారు. నకలు పక్కన పెట్టి ఒక్కొక్క అంకే పోల్చారు. తర్వాత వేలికొసతో ఉపరితలం తడిమారు.

"ఎవరు పూశారు?"

"మా నాన్న గారండి."

"చాలా సమంగా పూశారు. పాత దస్తావేజులు ఎన్నో చూశాను, పురుగులు తిన్నవీ, చెమ్మకు మగ్గినవీ. ఇలా ఎవరైనా చూసుకుని ఉంటే మిగిలేవి." ఆవిడ లిస్టు నా చేతికిచ్చారు. "నిన్ను నమ్ముతున్నాను. కానీ ముద్ర లేకుండా పై ఆఫీసు ఒప్పుకోదు. నాలుగింటికి జాబితా వెళ్ళాలి. ఆ లోపు సిరా పట్టేలా చేసుకుని రా. రాకపోతే తర్వాతి అంకెను పిలవక తప్పదు."

గోడగడియారంలో ఒంటిగంట దాటింది.

బయట నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెప్పాను. ఆయన లిస్టు తీసుకుని బొటనవేలితో ఒకచోట రుద్దాడు. మైనం కదల్లేదు. అంత బాగా పూశాడు.

"నానే సెడగొట్టీసేను," అన్నాడు.

"నేను చూస్తూ ఊరుకున్నాను నాన్నా. అడగాల్సింది."

ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు, మాటకా, గొంతుకా తెలియదు. కాగితాన్ని వెనక్కి తిప్పి, "ఏడి తగిలితే కరుగుతాది," అన్నాడు. "కరిగింది తియ్యాల గాని, కాయితం కాలకూడదు."

ఆడపిల్లల హాస్టలు గోడ పక్కన రేకు పందిరి కింద ఒక ముసలావిడ బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తుంటుంది. పొద్దున వచ్చేటప్పుడు చూశాం. వానలో అక్కడికి నడిచాం.

"ఏటి బాబూ, సీరా, పేంటా?"

"కాయితం," అన్నాడు నాన్న.

ఆవిడ పెట్టె దించి మమ్మల్ని చూసింది. "కాయితానికి ఇస్త్రీయా? యూనివర్సిటీ మరి, ఏదైనా అడుగుతారు."

నాన్న లిస్టు చూపించి జరిగింది చెప్పాడు. ఆవిడ వేలితో గీరి చూసి తేలిగ్గా నవ్వింది. "కొవ్వొత్తేనా? ఇదేటి కొత్త? కరెంటు పోయినప్పుడల్లా ఈ ఆడపిల్లల సీరల మీద పడీది ఇదే. పైనా కిందా కాయితం ఎట్టి పెట్టె ఆనిత్తే కాయితం తాగీసుకుంటాది." పాత న్యూస్ పేపరు ఒకటి లాగి, మళ్ళీ ఆగింది. "ఊహూఁ. ఇది సీర కాదు. ఏడికి పేపరు మీది నల్ల అచ్చరాలు దీనికి అంటీసుకుంటాయి. ఏమీ రాయని కాయితం కావాల. గరుకుది."

నా సంచిలో ఒకటే ఉంది. డైరీ తీశాను. జూలై దాకా నిండిపోయి ఉంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, పై మూల తేదీ తప్ప, ఖాళీ. ఒక్కక్షణం చేతిలో పట్టుకున్నాను. ఎప్పుడూ ఒక్క పేజీ కూడా చింపినదాన్ని కాదు. ఆగస్టు ఒకటో తారీకు పేజీ పట్టుకుని చింపాను.

"మొత్తం కాయితమంతా వద్దు మామ్మా," అన్నాడు నాన్న. "అచ్చరాలున్న ఏపు కదపొద్దు. ఎనకపక్క, ముద్ర పడీ సోటు సాలు." బొటనవేలూ చూపుడువేలూ చాచి కొలిచి చూపించాడు.

ఆవిడ పెట్టెలో బొగ్గులు కొన్ని తీసి వేడి తగ్గించింది. పెట్టెను చెంప దగ్గరికి తెచ్చి చూసుకుంది, తృప్తి పడక ఇంకాస్త ఆగింది. కింద నాలుగు పేజీలు, పైన రెండు. పెట్టె కొస మాత్రమే ఆనించి ఎత్తింది. పై పేజీ మీద తడిసినట్టు మరక లేచింది. ఆ పేజీ పారేసి నేను ఇంకోటి చింపి ఇచ్చాను. ఆగస్టు రెండు. ఆగస్టు ఏడు. ఆగస్టు పద్నాలుగు. ఒక్కొక్క పేజీకీ మరక చిన్నదవుతూ వచ్చింది. నేనూ నాన్నా ఆ పందిరి కింద వంగి చూస్తున్నాం. ఇరవైయేళ్ళుగా కాగితం మీదికి మైనం ఎక్కించడమే తెలిసిన చేతులు నాన్నవి. దించడం తెలిసిన చేతులు ఈవిడవి. ఇంత పెద్ద యూనివర్సిటీలో నా చదువు ఆ ఇద్దరి చేతుల మధ్య ఉంది. ఆ చేతుల్లో తొందర లేదు. భయం వేయాల్సిన సమయంలో నాకు గుడిలో నిలబడినట్టు అనిపించింది.

సెప్టెంబరు పేజీలు అయిపోవస్తుంటే మరక ఆగిపోయింది. ఆవిడ తన నోట్లో వేలు తడిచేసుకుని ఆ చోట అద్దింది. కాగితం తడి పీల్చుకుంది. "ఎల్లండి. ఇస్త్రీ నలిగిపోకుండా పట్టుకెల్లండి," అంది.

మూడున్నరకు గుమస్తా గారి ముందు నిలబడ్డాను. ఈసారి ఎవరూ పిలవకుండానే, "సార్, ఇక్కడ వెయ్యండి," అని చూపించాను. ఆయన ముద్ర అద్దారు. ఎత్తారు. ఊదారంగు గుండ్రటి ముద్ర, అంచులు చెదరకుండా, మెరిసే కాగితం మధ్య ఆ మసక చోట్లో నిలిచింది. మేడమ్ గారు దాని మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా లిస్టును తానే పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నేను ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆ డైరీలో ఆగస్టు, సెప్టెంబరు లేవు. మైనం తాగిన పేజీలు మడిచి అట్ట లోపల దాచుకున్నాను. వాటి మీద కలం సాగదు. ఆ రోజుల గురించి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది అందుకే కావచ్చు.

ఆ రోజు ఆఫీసు బయటికొస్తే వాన వెలిసింది. నాన్న లిస్టును గొట్టంలో పెట్టి మూత బిగించాడు. బస్సు స్టాపు వైపు నడుస్తుంటే నేను ఆగాను. "నాన్నా, ఒకటి చూపిస్తాను, రా."

లైబ్రరీ గుమ్మం దగ్గర కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మూడు నెలల కిందట ఆయన్ను చూసి అక్క వెనక దాక్కున్నాను. "నేను ఈ రోజే చేరానండి," అన్నాను. "మా నాన్నకు ఒక్కసారి చూపిస్తాను. లోపలికి రాం, గుమ్మంలోంచే." ఆయన కాళ్ళు పక్కకు జరిపాడు.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. పై కప్పు చూశాడు. బీరువాలు చూశాడు. ఒక వరస చివరిదాకా కళ్ళతో వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకో వరస మొదలుపెట్టాడు. తెరిచి ఉన్న కిటికీల్లోంచి సముద్రం గాలి వస్తోంది. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఉప్పుగాలే," అన్నాడు మెల్లగా, ఆ నిశ్శబ్దానికి తగ్గ గొంతుతో. తర్వాత కుర్చీలో ఉన్న పెద్దాయన వైపు తిరిగాడు. "ఇన్ని కాయితాలకీ ఏటి పూత్తారు బాబూ? పాడవకుండా?"

"ఏమీ పూయరు," అన్నాడు ఆయన. "ఎవరో ఒకరు రోజూ తీసి చదువుతుంటారు కదా. గాలాడుతుంది."

నాన్న మళ్ళీ ఒక వరస చివరిదాకా చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

"అయితే నువ్వు తీత్తుండు," అన్నాడు.